యుద్ధాన్ని కంప్యూటర్‌లో ఆడించే ముందు: ఇవో జిమా లెక్కలతో ఇన్‌పుట్ డేటా సిద్ధం చేసుకోవడం

యుద్ధాల సిమ్యులేషన్ మీద సరదా పుట్టినవారిలో చాలామంది ముందు ప్రోగ్రామ్ రాయడానికి కూర్చుంటారు. పైథాన్‌లో నలభై వరుసలు రాస్తే రెండు సేనలు తెర మీద తరిగిపోతూ కనిపిస్తాయి. ఆ ముచ్చట ఒక సాయంత్రంలో తీరిపోతుంది. తరవాత నెలల తరబడి పీడించేది డేటా. ఎవరు ఎంతమంది, ఎప్పుడు వచ్చారు, ఎవరిని నష్టంగా లెక్కపెట్టాలి అనే ప్రశ్నలకు జవాబులు పుస్తకానికొక తీరుగా ఉంటాయి. ఆ పనిని ఒక నిజమైన యుద్ధం మీద మొదటి నుంచి చివరి దాకా ఎలా చేయాలో ఇక్కడ చెబుతాను. కాగితం, క్యాలిక్యులేటర్, ఎక్సెల్ ఉంటే చాలు.

నేను ఎంచుకున్నది రెండో ప్రపంచ యుద్ధంలో ఇవో జిమా అనే జపాను దీవి కోసం అమెరికా, జపాను సేనల మధ్య 1945 ఫిబ్రవరి 19న మొదలై మార్చి 26 దాకా సాగిన యుద్ధం. కొత్తగా నేర్చుకునేవారికి ఇంతకన్నా అనువైనది దొరకదు. దీవి సుమారు 21 చదరపు కిలోమీటర్లే. ఒకసారి యుద్ధం మొదలయ్యాక జపాను వారికి బయటి నుంచి ఒక్క సైనికుడు రాలేదు, పారిపోయే దారీ లేదు. అమెరికా వైపు రోజువారీ సంఖ్యలు నమోదై ఉన్నాయి. పైగా 1954లో ఎంగెల్ అనే పరిశోధకుడు ఇదే యుద్ధానికి లాంచెస్టర్ సమీకరణాలను వర్తింపజేసి చూశాడు కాబట్టి మన లెక్క సరిపోయిందో లేదో పోల్చుకునే వీలుంది.

లాంచెస్టర్ ఇంగ్లండులో కార్లు తయారుచేసిన ఇంజనీరు. మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన 1914లో ఆయన చెప్పిన సూత్రం ఇది: తుపాకులతో పోరాడే రెండు సేనల్లో ఒకదాని నష్టం ఎదుటి సేనలో మిగిలి ఉన్నవారి సంఖ్యను బట్టి ఉంటుంది. మన మాటల్లో రాసుకుంటే:

ఆనాటి అమెరికా నష్టం = జపాను గుణకం × ఆ పొద్దున ఉన్న జపాను బలం
ఆనాటి జపాను నష్టం = అమెరికా గుణకం × ఆ పొద్దున ఉన్న అమెరికా బలం

గుణకం అంటే ఒక సైనికుడు రోజుకు సగటున ఎదుటివారిలో ఎంతమందిని పడగొడతాడో చెప్పే అంకె. ఈ రెండు వరుసలే మన నమూనా. దీనికి కావలసిన మేత నాలుగు రకాలు: మొదటి బలం, అదనంగా వచ్చినవారు, నష్టాలు, గుణకాలు.

ముందు రోజులకు అంకెలు వేయండి

ఇది చిన్న పనిలా కనిపిస్తుంది గానీ ఎక్కువ తప్పులు పుట్టేది ఇక్కడే. ఫిబ్రవరి 19ని సున్నా రోజు అంటారా, ఒకటో రోజు అంటారా? రెండూ వాడుకలో ఉన్నాయి. ఒక పట్టికను ఒక పద్ధతిలో, ఇంకో పట్టికను ఇంకో పద్ధతిలో రాసి కలిపితే వచ్చిన బలగాలు ఒక రోజు ముందుగానో వెనగ్గానో దిగుతాయి. ప్రోగ్రామ్ ఏ ఫిర్యాదూ చేయదు, తప్పు జవాబును హాయిగా ఇస్తుంది. నేను ఫిబ్రవరి 19ని 1వ రోజు అంటాను. అప్పుడు ఫిబ్రవరి 28 పదో రోజు, మార్చి 26 ముప్పై ఆరో రోజు. వేళ్ల మీద ఒకసారి లెక్కపెట్టి చూసుకోండి, సిగ్గుపడనక్కర్లేదు.

తేదీల గడిని ఎక్సెల్ చేతికి వదలకండి. 02-03-1945 అని ఉంటే మనకు మార్చి 2, అమెరికా వాళ్లకు ఫిబ్రవరి 3. అమెరికా పత్రాల నుంచి తీసుకున్న తేదీని మన కంప్యూటర్ మన పద్ధతిలో చదివేస్తుంది. నెల పేరును అక్షరాల్లో రాసి, పక్క గడిలో రోజు అంకె వేసి, లెక్కంతా ఆ అంకెతోనే చేయండి.

మొదటి బలం: ఒక అంకె కాదు, ఒక హద్దు

ఎంగెల్ జపాను బలాన్ని 21,500గా తీసుకున్నాడు. ఇతరుల పుస్తకాల్లో 20,000 నుంచి 23,000 దాకా కనిపిస్తుంది. దిగకముందు అమెరికా గూఢచారి వర్గాలు వేసిన అంచనా అయితే అందులో మూడింట రెండు వంతులు కూడా లేదు, ఎందుకంటే దీవి మీది జపాను సేనాని జనరల్ తదామిచి కురిబయాషి తన మనుషులను కిలోమీటర్ల కొద్దీ సొరంగాల్లో దాచాడు. ఆకాశం నుంచి తీసిన ఫొటోలలో సొరంగం లోపల ఉన్నవాడు పడడు.

కాబట్టి బలం గడిని మూడుగా చేయండి: తక్కువ, నడిమి, ఎక్కువ. నడిమి అంకెతో నమూనా నడపండి, మిగిలిన రెండిటి అవసరం తరవాత వస్తుంది. ఆ అంకెలో ఎవరున్నారో కూడా పక్కన రాయండి. పదాతి దళం మాత్రమేనా, నావికాదళం మనుషులు కూడా ఉన్నారా, వంటవాళ్లూ గుమాస్తాలూ తుపాకి పట్టారా? ఇవో జిమాలో జపాను వైపు దాదాపు అందరూ పట్టారు. అమెరికా వైపు అలా కాదు. తీరంలో పెట్టెలు మోసినవాడినీ ముందు వరుసలో కాల్చినవాడినీ ఒకే అంకెలో కలిపేసినప్పుడు గుణకం పలచబడుతుంది.

వచ్చినవారు: ఖాళీ గడి, సున్నా ఒకటి కావు

ఎంగెల్ లెక్కలో అమెరికా బలగాలు దిగిన తీరు ఇది: 1వ రోజు 54,000, 3వ రోజు 6,000, 6వ రోజు 13,000. మొత్తం 73,000. మిగతా రోజుల్లో ఎవరూ రాలేదు. అప్పుడు 2వ రోజు గడిలో ఏం రాయాలి? సున్నా అని రాయాలి. ఖాళీగా వదలకూడదు. నేను మొదటిసారి ఖాళీగా వదిలాను. తప్పిపోయిన విలువలను ముందూ వెనకల సగటుతో నింపే ఒక ఉపకరణం ఆ గడులన్నిటినీ ఉదారంగా నింపేసింది. దీవి మీద సముద్రం కన్నా మెరైన్లే (ఓడల నుంచి తీరానికి దిగి పోరాడే అమెరికా సైనికులు) ఎక్కువయ్యారు. "ఎవరూ రాలేదు" అన్నది ఒక సమాచారం, "నాకు తెలియదు" అన్నది వేరొక సమాచారం. రెండో దానికి ఒక ప్రత్యేక గుర్తు పెట్టుకోండి, తెలియదు అనే మాటే రాసినా సరే.

ఫైలు ఇలా ఉంటే చాలు:

రోజు, పక్షం, వచ్చినవారు, ఆధారం
1, అమెరికా, 54000, ఎంగెల్
2, అమెరికా, 0, ఎంగెల్
3, అమెరికా, 6000, ఎంగెల్

అంకెల మధ్య కామాలు పెట్టలేదని గమనించే ఉంటారు. కామాలతో విడదీసే ఫైలులో 54,000 అని రాస్తే ప్రోగ్రామ్ దాన్ని 54 అనీ సున్నా అనీ రెండు గడులుగా చదువుతుంది. మన పద్ధతిలో లక్షలకు కామాలు పెడితే ఇంకా గందరగోళం.

ఇప్పుడు అసలు చిక్కు. చరిత్ర పుస్తకాల ప్రకారం మొదటి రోజు సాయంత్రానికి ఒడ్డుకు చేరినవారు దాదాపు 30,000 మంది. ఎంగెల్ పట్టికలో 54,000. మిగిలినవారు ఓడల్లో ఉన్నారు, కనుచూపు మేరలోనే, కానీ తుపాకి ఎక్కుపెట్టే చోట కాదు. ఏది ఎంచుకోవాలి? నా సలహా: మొదట ప్రచురితమైన లెక్కను ఉన్నది ఉన్నట్టుగా తిరగచేయండి. అది కుదిరాకే మీ సవరణ. లేకపోతే తేడా మీ సవరణ వల్ల వచ్చిందో, మీ ప్రోగ్రామ్‌లో తప్పు వల్ల వచ్చిందో తేలదు.

నష్టాలు: ఎవరిని లెక్కపెడుతున్నారు?

మొత్తం పనిలో సగం సమయం దీనికే ఇవ్వండి. ఇవో జిమాలో అమెరికా నష్టం ఎంత అని అడిగితే సుమారు 26,000 అని ఒకరు, 6,800 పైచిలుకు అని ఇంకొకరు, 5,931 అని మరొకరు చెబుతారు. ముగ్గురూ నిజమే చెబుతున్నారు. మొదటిది మృతులు, క్షతగాత్రులు కలిపిన సంఖ్య. రెండోది మృతులు మాత్రమే. మూడోది మృతుల్లో మెరైన్లు మాత్రమే. ఎంగెల్ 28వ రోజు ముగిసేసరికి 20,265 మంది పోరాటం నుంచి తొలగినట్టు తీసుకున్నాడు. అంటే అప్పటికి మిగిలినవారు 52,735.

నమూనాకు కావలసింది "చనిపోయినవారు" కాదు, "ఇక కాల్చలేనివారు". మృతులను మాత్రమే లెక్కపెడితే జపాను గుణకం దాదాపు మూడో వంతుకు పడిపోతుంది, తెర మీద యుద్ధం ఉత్సవంలా కనిపిస్తుంది. గాయపడినవారిని పూర్తిగా తీసేసినా చిక్కే. చేతికి తూటా గీసుకుపోయి, ఓడ మీద కట్టు కట్టించుకుని, నాలుగు రోజులకు మళ్లీ వరుసలోకి వచ్చినవాడు ఉంటాడు. మన రెండు వరుసల నమూనాలో తిరిగి రావడానికి దారి లేదు. అలాంటివారి సంఖ్య మీకు దొరికితే వచ్చినవారి పట్టికలో వేరే వరుసగా చేర్చండి. దొరకకపోతే నష్టాల గడి పక్కన "తిరిగి వచ్చినవారిని తీసివేయలేదు" అని రాసి ముందుకు సాగండి.

మొదటి రోజు నివేదికను విడగొట్టి చూస్తే ఈ పని రుచి తెలుస్తుంది. ఆ రోజు అమెరికా నష్టం 2,420. అందులో అక్కడికక్కడే మృతులు 501, గాయాలతో తరవాత పోయినవారు 47, క్షతగాత్రులు 1,755, గల్లంతైనవారు 18, యుద్ధభయంతో మనసు చెదిరి పనికిరాకుండా పోయినవారు 99. కూడండి, సరిపోతుంది. నిజానికి ఏ నివేదిక చేతికొచ్చినా మొదట చేయవలసిన పని ఇదే: విడి అంకెలు మొత్తానికి కూడుతున్నాయా అని చూడటం. కూడకపోతే ఎవరో ఎక్కడో రెండుసార్లు లెక్కించారు. గాయపడి తరవాత చనిపోయినవాడు రెండు గడుల్లోనూ కనిపించడం చాలా మామూలు.

జపాను వైపు ఇంత భోగం లేదు. రోజువారీ నష్టాల పట్టిక లేనే లేదు. యుద్ధం ముగిసేనాటికి బందీలైనవారు 216 మంది అని సాధారణంగా చెబుతారు. మిగిలినవారు దాదాపు అందరూ పోయారు, కొందరు సొరంగాల్లో మిగిలారు. ఆఖరి ఇద్దరు లొంగిపోయింది 1949 జనవరిలో. ఎంగెల్ దీన్ని సరళం చేసి 36వ రోజుకు జపాను బలం సున్నా అన్నాడు. మీరూ అలాగే చేయండి, కాని ఆ సున్నా కొలిచి తెచ్చినది కాదని, ఊహించుకున్నదని రంగు మార్చి గుర్తు పెట్టండి. కొలిచిన గడికి ఒక రంగు, లెక్కగట్టిన గడికి ఒకటి, ఊహించిన గడికి ఒకటి. ఏడాది తరవాత ఫైలు తెరిచినప్పుడు మీకు మీరే కృతజ్ఞులవుతారు.

గుణకాలు తీయడం

గుణకాన్ని తుపాకి సామర్థ్యం నుంచి, కాల్చే వేగం నుంచి కట్టవచ్చునని కొందరంటారు. మొదటి ప్రయత్నానికి ఆ జోలికి పోవద్దు. జరిగిన నష్టాల నుంచి వెనక్కి తీయడం సులువు.

అమెరికా గుణకానికి: 36 రోజుల్లో ప్రతి రోజూ ఒడ్డున ఉన్న అమెరికన్ల సంఖ్యను కూడండి. ఎంగెల్ సంఖ్యలతో అది సుమారు 20,37,000 మనిషి-రోజులు. ఇంత శ్రమకు రాలినది 21,500 మంది. భాగిస్తే 0.0106. అంటే వంద మంది అమెరికన్లు ఒక రోజు పోరాడితే రమారమి ఒక జపాను సైనికుడు.

జపాను గుణకానికి: జపాను రోజువారీ బలం రికార్డులో లేదు కాబట్టి ఎంగెల్ దాన్ని అమెరికా రోజువారీ సంఖ్యల నుంచి లెక్కగట్టాడు. అలా వచ్చిన 28 రోజుల జపాను బలాల కూడిక సుమారు 3,72,500. అమెరికా నష్టం 20,265. భాగిస్తే 0.0544. వంద మంది జపాను సైనికులకు రోజుకు అయిదుగురు పైచిలుకు. దాగి కాల్చినవాడికీ, నల్లటి బూడిద ఇసుకలో పిక్కల దాకా దిగబడి నడిచినవాడికీ తేడా ఆ రెండు అంకెల్లో ఉంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. అమెరికా గుణకంలో ఉన్నది పదాతి తుపాకులొక్కటే కాదు. ఓడల ఫిరంగులు, విమానాల బాంబులు, అగ్నిజ్వాలలు చిమ్మే ట్యాంకులు అన్నీ ఆ 0.0106లో ముద్దగా కలిసి ఉన్నాయి. మెరైన్ల సేనాని దిగకముందు పది రోజులు ఓడల నుంచి ఫిరంగులతో కొట్టమని అడిగితే నౌకాదళం ఇచ్చింది మూడు రోజులే. "పది రోజులు కొట్టి ఉంటే ఏమయ్యేది" అని ఈ నమూనాను అడగకండి. ఆ ప్రశ్నకు కావలసిన గడి మన పట్టికలో లేదు.

నడిపి, కూడికలు సరిచూడండి

ప్రోగ్రామ్‌కు ఇచ్చే ముందు మూడు రోజులు చేత్తో చేయండి. వచ్చినవారిని పొద్దున్నే కలపండి, నష్టాన్ని ఆ పొద్దున్న ఉన్న బలంతో కట్టండి.

1వ రోజు: అమెరికా 54,000, జపాను 21,500. నష్టాలు 1,170, 572.
2వ రోజు: అమెరికా 52,830, జపాను 20,928. నష్టాలు 1,138, 560.
3వ రోజు: 6,000 కలిపాక అమెరికా 57,692, జపాను 20,368. నష్టాలు 1,108, 612.
4వ రోజు పొద్దున: అమెరికా 56,584, జపాను 19,756.

మీ ప్రోగ్రామ్ నాలుగో రోజు పొద్దున ఈ అంకెలే చూపాలి. 6,000 మందిని సాయంత్రం కలిపితే వేరే అంకెలు వస్తాయి. అది తప్పు కాదు, వేరొక నిర్ణయం. ఏది చేశారో రాసిపెట్టండి.

చివరిదాకా నడిపితే జపాను బలం 36వ రోజున సున్నాకు చేరుతుంది. చూసి చప్పట్లు కొట్టకండి. 36వ రోజుకు సున్నా అని మనమే ఊహించి, ఆ ఊహ నుంచే అమెరికా గుణకం తీశాం. పెట్టినదే తిరిగి వచ్చింది. నిజమైన పరీక్ష అమెరికా బలం రోజురోజుకూ తగ్గిన తీరు అసలు రికార్డును అనుసరించిందా అన్నదే. 28వ రోజు ముగిసేసరికి నా లెక్కలో 53,235 వచ్చింది, రికార్డు ప్రకారం 52,735. అయిదు వందల తేడా ఎక్కడిది? ఎంగెల్ జపాను బలాన్ని అసలు అమెరికా రోజువారీ సంఖ్యల మీద కట్టాడు, నేను నమూనా ఇచ్చిన సంఖ్యల మీద కట్టాను. అందుకే 28 రోజుల జపాను కూడిక నాకు సుమారు 3,63,000 మాత్రమే వచ్చింది. తేడా వచ్చినప్పుడు గుణకాన్ని అటూ ఇటూ జరిపి సరిపెట్టేయాలన్న చేతి దురద పుడుతుంది. ముందు కారణం వెతకండి, దొరుకుతుంది.

ఏ గడి మీద ఎక్కువ జాగ్రత్త పడాలి?

బలం గడిని మూడుగా చేయమన్నది ఇందుకే. జపాను బలాన్ని 21,500 నుంచి 23,000 చేసి, మిగతావి కదపకుండా నడపండి. యుద్ధం 40వ రోజు దాకా సాగుతుంది, అమెరికాకు 3,000 మందికి పైగా అదనపు నష్టం వస్తుంది. పెంచింది 1,500 మందినే. మరోవైపు, మొదటి రోజు 54,000కు బదులు 30,000 దింపి, మిగిలిన 24,000 మందిని రెండో రోజు దింపండి. అంత పెద్ద సవరణకు యుద్ధం 37వ రోజుకు జారుతుంది, అంతే. మనం అంతసేపు తల పట్టుకున్న గడి ఫలితాన్ని పెద్దగా కదపలేదు, గుట్టుగా కూర్చున్న గడి కదిపింది.

దీనికి కారణం లాంచెస్టర్ వర్గ నియమంలో ఉంది. ఒక సేన పోరాట శక్తి గుణకంతో నేరుగా, సంఖ్యతో వర్గంగా పెరుగుతుంది. అదనపు బలగాలు అసలే రాలేదనుకుని చూడండి. 0.0106ను 54,000 వర్గంతో గుణిస్తే సుమారు 3.09 కోట్లు. 0.0544ను 21,500 వర్గంతో గుణిస్తే సుమారు 2.51 కోట్లు. అమెరికాదే గెలుపు, సుమారు 23,300 మంది మిగులుతారు. ఇప్పుడు ఫలితం తిరగబడాలంటే జపాను గుణకాన్ని 23 శాతం పెంచాలి. అదే జపాను సంఖ్యనైతే 11 శాతం పెంచితే చాలు, 23,900 అయితే గెలుపు అటు మొగ్గుతుంది. సాహిత్యంలో కనిపించే పై హద్దు 23,000 దాన్ని దాదాపు తాకుతోంది. ఓపిక తక్కువగా ఉన్న రోజున గుణకాల దగ్గర కాకుండా తలల లెక్క దగ్గర కూర్చోండి.

మొదటి రోజును విడదీయడం

ఇక ఒక పని మిగిలింది. నమూనా ప్రకారం మొదటి రోజు అమెరికా నష్టం 1,170, నివేదికలో 2,420. రెట్టింపు కన్నా ఎక్కువ. ఒకే గుణకం 36 రోజులకూ పనిచేస్తుందనుకోవడం వల్ల వచ్చిన తేడా ఇది. కురిబయాషి మొదట కాల్పులు ఆపించి, తీరం మనుషులతో, సామగ్రితో కిక్కిరిసిపోయే దాకా ఆగాడు. ఆ తరవాత విరుచుకుపడ్డాడు. ఆ ఇసుక దిబ్బల మీద నిలువ నీడ లేదు, గుంట తవ్వితే పూడుకుపోయింది.

కాబట్టి జపాను గుణకాన్ని రెండు గడులు చేయండి. మొదటి రోజుకు 2,420ని 21,500తో భాగిస్తే 0.1126. మిగతా రోజులకు అదే 0.0544 ఉంచితే నష్టాన్ని రెండుసార్లు లెక్కించినట్టవుతుంది, మొత్తం 20,265 దాటిపోతుంది. అందుకని 20,265లో నుంచి 2,420 తీసేసి, 17,845ను మిగిలిన జపాను కూడికతో, అంటే 3,72,500లో 21,500 పోగా 3,51,000తో, భాగించండి. రమారమి 0.0508 వస్తుంది. అయితే ఈ తీసివేత చేసే ముందు మీ ఆధారం మళ్లీ తెరిచి, ఆ మనసు చెదిరిన 99 మంది 20,265లో ఉన్నారా లేరా చూడండి. లేకపోతే తీసివేయవలసింది 2,420 కాదు, 2,321.